పది లెక్కపెట్టేదాకా

నిరుడు బోనాలకూ సదరుకూ మధ్య నాలుగు నెలలు. అందులో మొదటి రెండు నెలలూ నేను నా మొగుణ్ణి నకరాలు చేస్తున్నాడని తిట్టాను. ఇంట్లో నాలుగు గోడల మధ్య తిడితే ఈ కథ చెప్పే పనే లేదు. శాలిబండ గల్లీలో, పాలకొచ్చిన వాళ్ళందరి ముందూ తిట్టాను. నా నోటి సంగతి మా వాడకట్టులో అందరికీ తెలుసు. ఆ నోరే ఆయన్ని ఎట్లా ముంచిందో, ఎట్లా తేల్చిందో కూడా తెలియాలి కదా.

మాది పాల ఇల్లు. ఇంటి వెనక రేకుల కొట్టం, అందులో ఏడు బర్రెలు, ఒక దున్నపోతు. మా మామ కాలంలో ఇరవై ఉండేవట. చుట్టూ మేడలు లేచి, గడ్డి దూరమై ఏడుకు దిగాం. మా ఆయన పేరు అంజన్. తెల్లవారకముందే లేచి ఏడు బర్రెలనూ ఆయనొక్కడే పితికేవాడు. మా అత్త బుచ్చమ్మ గుమ్మంలో కూర్చుని పాలు కొలిచి పోసేది. దాణా, పేడ, క్యాన్లు నావి. మా బిడ్డ పూజిత డిగ్రీ రెండో ఏడు చదువుతూ, కాలేజీకి పోయే ముందు స్కూటీ మీద మాదన్నపేట దాకా ఇళ్ళకు పాలిచ్చి వచ్చేది.

దున్నపోతు పేరు పైల్వాన్. దాని గురించి చెప్పకుండా మా ఆయన గురించి చెప్పలేను. దీపావళి వెళ్ళిన రెండో రోజు మా యాదవులకు సదరు పండుగ. ఇంటింటి దున్నపోతులూ ఒళ్ళంతా నూనెతో మెరుస్తూ, కొమ్ములకు రంగులు, మెడలో గవ్వల దండలతో డప్పుల మధ్య నడుస్తాయి. అందరి ముందూ ముందుకాళ్ళు లేపి నిలబడిన దున్నకూ దాని మనిషికీ ఏడాది పొడుగునా పేరుంటుంది. కొందరు ముక్కుతాడు గుంజి లేపుతారు, కొందరు కట్టె చూపిస్తారు. మా ఆయన ఎదురుగా నిలబడి కుడి అరచెయ్యి పైకెత్తేవాడు. అంతే. టన్ను బరువున్న ఆ జంతువు ఆ చెయ్యి వంకే చూస్తూ లేచి నిలబడేది. దూడగా ఉన్నప్పటినుంచీ తన చేత్తో తవుడు తినిపించి నేర్పాడు. ఆ ఒక్క రోజు కోసమే ఆయన మిగతా మూడువందల అరవైనాలుగు రోజులూ పేడలో తిరిగేవాడేమో అనిపించేది నాకు.

బోనాలకు ఇరవై రోజుల ముందు మొదలైంది. పాలు పితకాలంటే బకెట్ మోకాళ్ళ మధ్య పెట్టుకుని గొంతుక్కూర్చోవాలి. కూర్చునేవాడు గానీ లేవడానికి బర్రె తొంటి పట్టుకునేవాడు. నోరెండిపోతోందని మాటిమాటికీ చెంబెడు నీళ్ళు తాగేవాడు. అన్నిటికంటే వింత చేతులది. బర్రె దగ్గర కూర్చుని మొదటి గుంజుడు గుంజితే ఏమీ రాదు. రెండోది, మూడోది గాలి. ఐదూ ఆరుకు సన్నటి ధార. పదోది వచ్చేసరికి బకెట్‌లో ఎప్పటి చప్పుడే. ఆ బర్రె అయిపోయి ఇంకో బర్రె దగ్గర కూర్చున్నాడా, మళ్ళీ మొదటికే వచ్చేది. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళుగా ఆ పాల చప్పుడుతోనే నాకు తెల్లవారుతోంది. దాణా కలుపుతూ వెనక్కి తిరక్కుండానే ఎన్నో గుంజుడుకు ధార పడిందో చెప్పగలను.

బర్రెల్లో పాలు దాచుకునే రకం ఉంటుంది. పొదుగు నిండా ఉన్నా ఇవ్వదు, మొండికేస్తుంది. పొదుగు తట్టి, లాలించి, పదిసార్లు గుంజితే అప్పుడు పాలు దించి చేపుకొస్తుంది. అట్లాంటి బర్రెకు రోగం లేదని మా ఇళ్ళలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. రోగమున్న బర్రె పదోసారి కూడా ఇవ్వదు కదా. నేను ఆ లెక్కే నా మొగుడికీ కట్టాను. పదో గుంజుడుకు బలం వచ్చిన చేతులకు మొదటి గుంజుడుకు ఎందుకు రాదు? పని మీద మనసు లేదు, అంతే అనుకున్నాను.

లాల్‌దర్వాజ బోనాల ఆదివారం పొద్దున సన్నగా వాన పడుతోంది. పండగనాడు పాలకు మామూలు కంటే రెట్టింపు మంది. గుమ్మం ముందు గిన్నెలు పట్టుకుని గొడుగుల కింద నిలబడ్డారు. ఆయన మూడో బర్రె దగ్గర లేవబోయి లేవలేక పక్కకు ఒరిగాడు. బకెట్ తన్నుకుని పాలన్నీ పేడలోకి పోయాయి. అత్త అయ్యో అంది. నేను అయ్యో అనలేదు.

“బర్రె దాచుకుంటె పదిసార్లు గుంజితె చేపుకొస్తది. నీకు గూడ గంతే,” అన్నాను. “పని జేసే మనసు లేదని చెప్పు. గీ నకరాలెందుకు?”

గొడుగుల కింద ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. ఆయన రేకుల గోడ పట్టుకుని లేచి, బకెట్ కడుక్కుని, నాలుగో బర్రె దగ్గర కూర్చున్నాడు. నేను ఆయన ముఖం చూడలేదు. చూసే తీరిక లేదనుకున్నాను గానీ, చూడాలనిపించలేదు.

మా గల్లీకి ఒక్క మాట చాలు. మర్నాటి నుంచి ఆయన చాయ్ తాగడానికి పోతే, చేపుకొచ్చినవా అంజన్ భాయ్ అని పలకరించడం మొదలుపెట్టారు. ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఆ మాట అక్కడితో ఆగలేదు. శ్రావణ మాసంలో మా యాదవ సంఘం పెద్ద శివయ్య ఇంటికొచ్చాడు. మంచివాడే. కుర్చీలో కూర్చుని చాలాసేపు గడ్డి గురించి, వానల గురించి మాట్లాడి, చివరికి తలవంచుకుని అసలు మాట అన్నాడు.

“సదర్ల దున్న జనం మీదికి పోతె జవాబు నేను చెప్పాలె అంజన్. ఇంట్ల ఆమెనే అంటున్నది, పని మీద మనసు లేదని. ఈసారి పైల్వాన్‌ను మా శ్రవణ్ పట్టుకుంటడు.”

శ్రవణ్ ఆయన కొడుకు. మా ఆయన మంచిదన్నాడు. అంత సులువుగా అన్నాడు. శివయ్య పోయాక కొట్టంలోకి వెళ్ళి పైల్వాన్ పక్కన గడ్డిమోపు మీద కూర్చున్నాడు. నేను కాసేపు ఓర్చుకుని వెనకే వెళ్ళాను. నోరు లేదా, రెండు మాటలు అనరాదా శివయ్యను అని అడిగాను.

“ఏమని అనాలె? నా చెయ్యి నా మాట వింటలేదు యశోదా. పదిసార్లు అడిగితె ఒక్కసారి వింటది.”

ఆయన తన గురించి తాను చెప్పుకున్నది ఆ ఒక్కసారే. నేను సగమే విన్నాను. కానీ ఆ సాయంత్రం మొదటిసారి, ఆయన చేతిలోంచి ఆ దున్నను నేనే లాక్కున్నానని అర్థమైంది.

అప్పుడు డాక్టర్ల చుట్టూ తిరగడం మొదలైంది. గల్లీ డాక్టరు బలానికి సూదులిచ్చాడు. ఇంకొకాయన నడుము ఫొటో తీయించి, గొంతుక్కూర్చునే పనివాళ్ళందరికీ వచ్చేదే అన్నాడు. అత్త ప్రతి ఆదివారం మిరపకాయలతో దిష్టి తీసింది. పాలు మాత్రం రోజురోజుకూ ఆలస్యమవుతూ వచ్చాయి. మాదన్నపేటలో సుందరరామయ్యగారనే రిటైరైన కోస్తా ఆయన ఇంటికి పూజిత పాలు పోసేది. ఆయన కోడలు ఉదయశ్రీ పెద్దాసుపత్రిలో నరాల డాక్టరు. పాలెందుకు ఆలస్యమని ఆమె అడిగితే, బాపు కూర్చున్నచోటి నుంచి లేవలేకపోతున్నాడని మా బిడ్డ చెప్పింది. రేపే తీసుకురమ్మందట.

ఆసుపత్రికి నలుగురమూ పోయాం. డాక్టరమ్మ నెమ్మదిగా అడుగుతోంది, ఆయన కాళ్ళు నొప్పులంటాడు, అత్త తిండి తినడం లేదంటుంది, పూజిత నడుము ఫొటోలు తీసి చూపిస్తోంది. ఆమె రాసుకుంటూనే ఉంది. పొద్దుటి నుంచి లైన్లో నిలబడి నాకు తిక్కగా ఉంది. మళ్ళీ నా నోరు లేచింది. “కాళ్ళ సంగతి దేవునికెరుక మేడం,” అన్నాను. “చేతులది మాత్రం నకరాలే. మొదటి గుంజుడుకు చుక్క రాదు. పదోదానికి ధార ధార పడ్తది. నిజంగ రోగముంటె పదోదానికి ఎట్ల వస్తది?”

ఆమె పెన్ను కింద పెట్టింది.

“మళ్ళీ చెప్పండమ్మా. మొదటిదానికి రాదు, పదోదానికి వస్తుంది. అంతేనా? కాసేపు ఆగితే మళ్ళీ పోతుందా?”

అవునన్నాను. బర్రె మారినప్పుడల్లా మళ్ళీ మొదటికొస్తుందన్నాను. తిట్టడానికి గుర్తుపెట్టుకున్నదంతా పూసగుచ్చినట్టు చెప్పాను. ఆమె తన రెండు వేళ్ళు ఆయన చేతిలో పెట్టి గట్టిగా నొక్కమంది. ఆయన మొహమాటపడుతూ నొక్కాడు. వదలొద్దు, నొక్కుతూనే ఉండండి అంటూ పైకే లెక్కపెట్టింది. ఎనిమిదో తొమ్మిదో అనేసరికి ఆమె వేళ్ళు ఎర్రబడ్డాయి. ఆ తర్వాత ఆయన్ని బల్ల మీద కాళ్ళు వేలాడేసి కూర్చోబెట్టి, రబ్బరు సుత్తితో మోకాలి కింద కొట్టింది. కాలు కదల్లేదు. తన చెయ్యి అడ్డం పెట్టి, ఆ కాలితో గట్టిగా తన్నిపట్టమని మళ్ళీ పది లెక్కపెట్టింది. చెయ్యి తీసి మళ్ళీ కొట్టింది. కాలు ఎగిరింది.

ఆ కాలు ఎగరడం నేను ఈ కళ్ళతో చూశాను. మోకాలి కింద సుత్తి దెబ్బకు మనిషి నకరాలు చేయలేడు.

ఆ తర్వాత చేతి నరానికి చిన్న చిన్న కరెంటు దెబ్బలు పెట్టి మెషిన్‌లో చూశారు. అది చూసి డాక్టరమ్మ ఛాతీకి స్కాన్ రాసింది. కాళ్ళకు బాగలేకపోతే ఛాతీ ఎందుకని అత్త అడిగింది. ఆమె ఆయన్ని, బీడీలు కాలుస్తారా అని అడిగింది. ఎప్పుడో మానేశానన్నాడు. నేను ఆయన వంక చూడకుండా, రోజుకొక కట్ట మేడం అన్నాను. పదిహేనో ఏట నుంచి అని కూడా అన్నాను.

రిపోర్టు వచ్చిన రోజు ఆమె మమ్మల్ని తలుపు వేసి కూర్చోబెట్టింది. ఊపిరితిత్తిలో, గుండె పక్కగా, రేగుపండంత గడ్డ. క్యాన్సర్ అనే మాట ఆమె దాచలేదు. దగ్గు లేదు, నెత్తురు లేదు, ఊపిరితిత్తిలో ఎట్లా అని పూజిత ఏడుపు ఆపుకుంటూ అడిగింది.

“గడ్డ సంగతి ఆయన ఒంటికి మనకంటే ముందే తెలిసిందమ్మా,” అంది డాక్టరమ్మ. “దాన్ని కొట్టడానికి ఒళ్ళు తనే ఆయుధాలు తయారుచేసుకుంది. అవే పొరపాటున నరాల చివరల్ని కూడా కొడుతున్నాయి. నరం చెప్పే మాట కండకి చేరట్లేదు. పదిసార్లు చెబితే చేరుతుంది, కాసేపటికి మళ్ళీ పోతుంది. అది ఈ జబ్బు గుర్తు.”

పదిసార్లు అడిగితే ఒక్కసారి వింటుందని గడ్డిమోపు మీద కూర్చుని ఆయన నాతో అన్నది అదే. చదువుకున్న డాక్టరమ్మ నోటి నుంచి వస్తే తప్ప నాకు ఎక్కలేదు.

గడ్డ ఇంకా ఛాతీ దాటలేదని, ఇంత తొందరగా దొరకడం అరుదని, మందులూ, రేడియేషన్ అనే కరెంటూ వెంటనే మొదలుపెడతామని చెప్పింది. నయమవుతుందని మాటివ్వలేదు. పోరాడే వీలుంది, ఆ వీలు ఇచ్చింది మీరే అని నా వంక చూసింది. ఆ పది గుంజుళ్ళ మాట రాకపోతే తాను కూడా ఇంకా నడుములోనే వెతుకుతూ ఉండేదాన్నంది. ఆ మాటకు సంతోషించాలో తల బాదుకోవాలో నాకు తెలియలేదు.

బయట చెట్టు కింద బెంచీ మీద కూర్చున్నాం. అప్పుడు వచ్చింది ఏడుపు నాకు. గల్లీ అంతా నవ్విన ఆ ఆదివారం, మూడు బర్రెలకు మూడు పదుల గుంజుళ్ళు, ఆ చేతులతో ఆయన చేసిన యుద్ధం నా కళ్ళ ముందు కదిలింది. రెండు నెలలు రోజుకు రెండు పూటలా ఏడేసి బర్రెలు. ఒక్క పూట మానలేదు. ఒక్కరోజు కూడా నన్ను తిరిగి ఒక మాట అనలేదు. తప్పయిందని నేను అనేలోపే ఆయనే నా వీపు మీద చెయ్యి వేశాడు.

“తిట్టుకుంట చూసినవ్ గాని, చూసినవ్ గద,” అన్నాడు. “ఊకో.”

ఇంటికొచ్చి బీడీ కట్టలు నాలుగు, ఎక్కడెక్కడ దాచాడో అన్నీ తీసి, తన చేత్తోనే పేడగుంతలో వేశాడు. అత్త చూస్తూ నిలబడింది. అవి ఎక్కడెక్కడ ఉన్నాయో మాకు తెలుసని ఆయనకు తెలియదు.

ఆ మర్నాటి నుంచి బకెట్ నేను పట్టాను. మొదటి వారం బర్రెలన్నీ నా చేతికి పాలు దాచుకున్నాయి. మందులకు ఒంట్లో రోగాల్ని ఆపే శక్తి తగ్గుతుంది, కొట్టంలోకి వెళ్ళొద్దు, పేడ ముట్టొద్దు అని డాక్టరమ్మ ఆజ్ఞ కాబట్టి ఆయన బయట గుమ్మం దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో, ముఖానికి గుడ్డ కట్టుకుని కూర్చుని నాకు నేర్పేవాడు. బొటనవేలు లోపలికి మడవకు, రొమ్ము నలుగుతది అనేవాడు. నాలుగో బర్రెకు తొందరపడకు, పాట పాడు అనేవాడు. నాకు పాటలు రావంటే, తిట్టు, నీ గొంతు వింటె చాలు దానికి అనేవాడు. నిజంగానే తిడితే చేపుకొచ్చింది ఆ ముండమోసిన బర్రె.

మూడు వారాలకోసారి సీసాల మందు ఎక్కించేవారు. ఎక్కించిన వారం రోజులు మనిషి మనిషి కాదు. జుట్టు పోయింది, మీసం పోయింది. వాంతి చేసుకుని నోరు కడుక్కుని, పైల్వాన్‌కు నూనె రాసిన్రా అని అడిగేవాడు. నరాలకిచ్చిన మాత్రలతో దసరా నాటికి కొంచెం పట్టు వచ్చింది. లేచే ముందు రెండు పిడికిళ్ళూ బిగించి, పాదాలు నేలకేసి అదిమి పది లెక్కపెట్టాలి, అప్పుడు లేవాలి అని డాక్టరమ్మ నేర్పింది. వచ్చిన బలం నిమిషం పాటు ఉంటుంది. ఆ నిమిషంలోనే పని చూసుకోవాలి.

ఆ నిమిషంతో ఏం చేయాలో ఆయనకు ముందే తెలుసు. ఒకరోజు నన్ను పైల్వాన్‌ను గుమ్మం ఎదుటికి తెమ్మన్నాడు. కుర్చీలో కూర్చునే చెయ్యి ఎత్తాడు. పైల్వాన్ చూసి ఊరుకుంది. కూర్చున్న మనిషికి లేవడం దానికి తెలియదు. అప్పుడాయన పది లెక్కపెట్టుకుని లేచి నిలబడి చెయ్యి ఎత్తాడు. పైల్వాన్ లేచింది. అత్త చేటలో బియ్యం అట్లాగే వదిలేసి బయటికొచ్చింది.

ఆ సాయంత్రమే నేను శివయ్య దగ్గరికి పోయాను. ఒంటరిగా ఉన్నప్పుడు కాదు, సదరు ఏర్పాట్ల కోసం సంఘం వాళ్ళందరూ కూర్చున్నప్పుడు పోయాను. అందరి ముందు అన్నదాన్ని అందరి ముందే వెనక్కి తీసుకోవాలి కదా. అందులో సగం మంది ఆ ఆదివారం గొడుగుల కింద ఉన్నవాళ్ళే.

“ఆ రోజు నేనన్నది తప్పు,” అన్నాను. “ఆయనవి నకరాలు గావు, రోగం. ఆ రోగంతోని రెండు నెలలు ఏడు బర్రెలు పితికిండు. మీల ఎవరన్న పితుకుతరా? పైల్వాన్‌ను ఆయనే లేపాలె.”

శివయ్య కాదనలేదు, అవుననలేదు. నీ మాటకు విలువుంది యశోదా, కానీ తాడు పట్టాలంటే బలముండాలి అన్నాడు. తాడు శ్రవణ్‌నే పట్టుకోనివ్వండి, చెయ్యి మాత్రం ఆయనది అన్నాను. పైల్వాన్ తాడుకు లేచే దున్న కాదన్నాను. శివయ్య కొడుకు వైపు చూశాడు. నెల రోజులుగా మా కొట్టానికి వచ్చి, గుంజీ బెదిరించీ బెల్లం పెట్టీ చూస్తున్నానని, ఒక్కసారి కూడా లేవలేదని శ్రవణ్ చెప్పాడు. ఆ పిల్లవాడు అబద్ధమాడితే చెల్లిపోయేది. ఆడలేదు. అయితే ఐదు నిమిషాలు, అంతకంటే ఎక్కువ ఒప్పుకోనని శివయ్య తేల్చాడు.

డాక్టరమ్మను ఒప్పించడం ఇంకొక ఎత్తు. ఆమెది కాకినాడ వైపు, సదరు ఎన్నడూ చూడలేదట. దున్నపోతు ఎదురుగానా అని రెండుసార్లు అడిగింది. పూజిత ఫోనులో అంతకుముందు ఏడాది వీడియో చూపిస్తే మొత్తం చూసి, మళ్ళీ మొదటి నుంచి చూసింది. రక్తపరీక్ష బాగుంటేనే అంది. బాగుంది. ముఖానికి గుడ్డ, దగ్గరికి ఎవరూ రాకూడదు, అరగంటలో ఇల్లు చేరాలి అని చీటీ మీద మందులు రాసినట్టు రాసిచ్చింది. నేను ఆ చీటీ ఇప్పటికీ దాచుకున్నాను.

సదరు నాడు పొద్దు వాలేసరికి చౌరస్తా నిండిపోయింది. శ్రవణ్ తాడు పట్టుకుని పైల్వాన్‌ను నడిపించుకొచ్చాడు. ఒళ్ళు అద్దంలా మెరుస్తోంది, కొమ్ములకు ఎర్ర రంగు, మెడలో మా అత్త గుచ్చిన గవ్వల దండ. మా ఆయన్ని స్కూటీ మీద పూజిత తెచ్చింది. నేను ప్లాస్టిక్ కుర్చీ మోసుకొచ్చి మధ్యలో వేశాను. తలకు టోపీ, ముఖానికి గుడ్డ, రెండు కళ్ళు తప్ప ఏమీ కనపడని ఆ మనిషి కుర్చీలో కూర్చోగానే జనంలో గుసగుసలు. ఎవరో చేపుకొచ్చే అంజన్ భాయ్ అన్నారు. ఒకరిద్దరు నవ్వారు కూడా.

ఆయన చెవిలో మెల్లగా లెక్కపెట్టాలని అనుకున్నాం. డప్పుల హోరులో నా మాట నాకే వినపడలేదు. ఆయన పిడికిళ్ళు బిగించి నా ముఖం చూస్తున్నాడు. నేను శివయ్య వైపు తిరిగి చెయ్యెత్తాను. శివయ్య డప్పులు ఆపించాడు.

ఒక్కసారిగా అంత నిశ్శబ్దమవుతుందని నేననుకోలేదు. ఇక మెల్లగా లెక్కపెట్టే వీలు లేదు. ఆ ఆదివారం ఏ గొంతుతో తిట్టానో ఆ గొంతుతోనే లెక్కపెట్టాను. ఒకటి. రెండు. ఆయన పాదాలు నేలకు అదిమాడు. మూడు, నాలుగు. చేతి నరాలు ఉబ్బాయి. ఐదు. జనంలో నవ్విన వాళ్ళు ఇప్పుడు నవ్వడం లేదు. ఆరు, ఏడు. అత్త పెదవులు నాతో పాటు కదులుతున్నాయి. ఎనిమిది. తొమ్మిది.

పది అన్నాను. ఆయన కుర్చీ చేతులు పట్టుకోకుండా లేచాడు.

రెండడుగులు వేసి పైల్వాన్ ఎదుట నిలబడ్డాడు. ముఖం మీది గుడ్డ కిందికి లాగాడు, అది తనను గుర్తుపట్టాలి కాబట్టి. కుడి అరచెయ్యి పైకెత్తాడు. శ్రవణ్ తాడు వదులు చేసి పట్టుకున్నాడు. పైల్వాన్ ఆయన్నొకసారి వాసన చూసి, ఆ చెయ్యి వంకే చూస్తూ లేచింది. ముందుకాళ్ళు రెండూ గాలిలో, గవ్వలన్నీ గలగలమన్నాయి. ఆయన చెయ్యి దించేదాకా అట్లాగే నిలబడింది. నేను కుర్చీ పట్టుకుని ఆయన వెనకే ఉన్నాను. పైల్వాన్ కాళ్ళు నేల తాకేసరికి ఆయన మోకాళ్ళు వదులవడం నాకు కనపడింది. కుర్చీ ముందుకు జరిపాను. చూడకుండానే కూర్చున్నాడు, అక్కడ కుర్చీ ఉంటుందని ఆయనకు తెలుసు.

అప్పుడు లేచింది హోరు. ఈలలు, డప్పులు, కేకలు, ఏమీ చెప్పలేను. శివయ్య మైకు అందుకుని శాలిబండ అంజన్ యాదవ్, పైల్వాన్ అని మూడుసార్లు అన్నాడు. మూడోసారి అని కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. నాకు మాత్రం ఏడుపు రాలేదు. ఛాతీలో గడ్డ పెట్టుకుని, ఒంట్లో తన బలమే తనను కొడుతుంటే, ఒక్క నిమిషాన్ని ఏరి దాచుకుని దానితో దున్నను లేపిన మగవాడు నా మొగుడు. ఎవరడిగినా చెబుతాను. ఆ సాయంత్రం నా అంత పొగరుగా ఆ చౌరస్తాలో ఇంకెవరూ నిలబడలేదు, దున్నలతో సహా.

మర్నాడు పొద్దున్నే ఎప్పట్లాగే బర్రెలున్నాయి, బకెట్ ఉంది. ముందురోజు కుర్చీ మోసి, పైల్వాన్‌కు నూనె రాసి నా చేతులు బిగుసుకుపోయాయి. మొదటి బర్రె దగ్గర కూర్చుని గుంజితే చుక్క రాలేదు. రెండో గుంజుడుకూ రాలేదు. గుమ్మం దగ్గర కుర్చీలోంచి ఆయన అన్నాడు.

“ఏంది యశోదా, నకరాలా?”

ఆ మాట నాకు తిరిగి రావడానికి నాలుగు నెలలు పట్టింది. నేను నవ్వు ఆపుకోలేక బర్రె పొట్టకు తల ఆనించాను. నవ్వు ఆగాక చూస్తే, ఆయన పిడికిళ్ళు బిగించి, పెదవులు కదుపుతూ లెక్కపెడుతున్నాడు. లేచాడు. మేడంకు చెప్పకు అంటూ కొట్టంలోకొచ్చి, బర్రెకు అవతలి పక్క, నాకెదురుగా మెల్లగా గొంతుక్కూర్చున్నాడు. రెండు రొమ్ములు ఆయనవి, రెండు నావి. ఒకటి, రెండు, మూడు. పదోదానికి ఇద్దరి ధారలూ ఒక్క బకెట్‌లో పడ్డాయి.

కూర్చున్నవ్ గాని, ఎట్ల లేస్తవ్ అని అడిగాను.

“పాలు కానియ్,” అన్నాడు. “లేచే సంగతి తర్వాత చూద్దాం.”